మడతలో ఉండిపోయిన పేరు

హిందూపురంలో వెబ్‌సైట్లు తయారుచేస్తానని బోర్డు పెట్టుకున్న కొత్తలో నాకు కదిలే బొమ్మల పిచ్చి ఉండేది. పేజీ తెరవగానే ఏదో ఒకటి ఎగరాలి, తిరగాలి, మెరవాలి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒకాయన నన్ను నమ్మి పని చెప్పింది ఆ రోజుల్లోనే.

మగ్గం పక్కన చాప మీద కూర్చోబెట్టి ఒక చీర చూపించాడు. అంచు పొడవునా సన్నటి ఆకులు. మడత పూర్తిగా విప్పేదాకా దాని పేరు చెప్పలేదు. విప్పాక, "చింతచిగురు అంచు. మా అవ్వ గీసింది, పేరూ ఆమె పెట్టిందే" అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మా ఇంట్లో అంతేప్పా. ముందు కండ్లతో చూడల్ల, ఆ తర్వాతనే పేరు ఇనల్ల."

నాకది భలే నచ్చింది. తెర మీద చీర మడతలు ఒక్కొక్కటే విచ్చుకుని, చివర్న ఆకుల మధ్య నుంచి పేరు బయటికొచ్చేలా యానిమేషన్ చేశాను. మాటలన్నీ ఆ బొమ్మలోనే. బొమ్మలోపలి మాటలను సెర్చ్ ఇంజన్ చదవలేదని నాకు తెలుసు. కింద నాలుగు వరుసలు మామూలు అక్షరాల్లో రాసినా సరిపోయేది. పేజీ అందం చెడుతుందని రాయలేదు. నా పనితనం మీద మోజే తప్ప ఆయన బతుకుదెరువు నాకు గుర్తు రాలేదు.

"ఎవరన్నా వెతికితే మనది కనపడతాదా?" అని ఆయన అడగనే అడిగాడు. నేను వెతకలేదు. సైటు చిరునామా నేరుగా టైప్ చేసి, విచ్చుకుంటున్న చీర చూపించాను. ఆయన మురిసిపోయి, భార్యను పిలిచి మళ్లీ వేయించాడు. అదే నా మొదటి అబద్ధం.

ఏడాది గడిచినా ఆ సైటు చూసి ఆయనకు ఒక్క ఫోనూ రాలేదు. ఆలోగా పెనుకొండలో ఒక చీరల అంగడివాళ్లు నాకు పని ఇచ్చారు. అప్పటికి బుద్ధొచ్చి, ఈసారి అంతా అక్షరాల్లో రాశాను. అయితే చీరల గురించి చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. నా దగ్గర ధర్మవరంలో రాసుకున్న నోట్‌బుక్ ఉంది. చింతచిగురు అంచును అందులోంచే ఎత్తి వాళ్ల పేజీలో రాశాను, పేరుతో, ఆకుల వర్ణనతో సహా. అంగడివాళ్లు కూడా అలాంటి అంచు ఎవరిచేతో నేయించారు. వెతికితే వాళ్ల పేజీయే మొట్టమొదట వచ్చింది. నేను సిగ్గులేకుండా పొంగిపోయాను.

ఇన్నేళ్లకు మొన్న ధర్మవరం ఆయన ఫోన్ చేశాడు.

"ఏమప్పా, బాగుండావా? నిన్న ఒకామె వచ్చిండె. చింతచిగురు అంచు చూపిస్తే, ఇది పెనుకొండ అంగడివాళ్లది గదా, మీరు కాపీ కొట్టినారా అనె. ఫోన్లో తీసి చూపించె గూడా. మన సైటు చూపిద్దామంటే అది తెరుచుకోలేదబ్బా."

ఇప్పటి ఫోన్లలో ఆ పాత యానిమేషన్ ఆడదు. ఖాళీ డబ్బా ఒకటి కనిపిస్తుంది, అంతే.

"ఆ అంగడి సైటు ఎవరు చేసినారో నీకేమన్నా తెల్సునా?" అని అడిగాడు.

"తెలీదన్నా" అన్నాను.

"పోనీలే. ఆ పేరు మా అవ్వ పెట్టిందని చెప్పేకి నువ్వన్నా ఉండావు" అని ఫోన్ పెట్టేశాడు.