అన్నను పిలవలేని చలికాలం

నా చిన్నప్పుడు, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో, సొంత అన్నను ఏమని పిలవాలో తెలియక ఒక చలికాలమంతా నోరు కట్టేసుకుని తిరిగాను. అప్పుడు నేను రెండో క్లాసు, అన్న ఐదో క్లాసు.

ఒకరోజు స్కూల్ బస్సులో, వెనక సీట్లో ఉన్న అన్నను "అన్నా!" అని కేకేశాను. అంతే, బస్సంతా గొల్లున నవ్వింది. అక్కడి పిల్లల చెవికి అది ఆడపిల్ల పేరు. ఆ రోజు నుంచి బస్సులో అన్నకు అదే పేరయింది. జడ వేస్తామనీ గౌను కొనిపెడతామనీ ఒకటే ఏడిపించేవారు. ఇంటికొచ్చాక అన్న ఒక్కటే అన్నాడు: "నువ్విగ నన్ను అట్ల పిలవకు. నేమ్‌తో పిలువు, ఓకే?"

సరే కదా అని ఆ సాయంత్రం భోజనాల దగ్గర పేరుతోనే పిలిచాను. నాన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "పెద్దోణ్ణి పేరు పెట్టి పిలుస్తవా? అమెరికాల పుడితే మర్యాద పోతదా?" అన్నాడు. అన్న కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. బస్సు సంగతి చెబితే నాన్న కార్ తీసుకుని నేరుగా స్కూల్‌కే వస్తాడు, అది ఇంకా పెద్ద తలనొప్పి అని మా ఇద్దరికీ తెలుసు.

ఇంట్లో ఒకటి తప్పు, బయట ఇంకొకటి తప్పు. నేను పిలవడమే మానేశాను. పనుంటే దగ్గరికి వెళ్లి స్వెటర్ చెయ్యి లాగేదాన్ని. పిలుపు పోయేసరికి మాటలూ తగ్గాయి. ఒకే ఇంట్లో ఉంటూ అన్న నాకు ఎవరో అయిపోతున్నాడని భయం వేసేది. ఏడుద్దామన్నా ఎందుకేడుస్తున్నావంటే ఏం చెప్పను?

పక్కింట్లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ముసలావిడ, ఆమె భర్త ఉండేవారు. అమ్మకు హాస్పిటల్లో డ్యూటీ ఉన్న సాయంత్రాలు మేం వాళ్లింట్లోనే ఉండేవాళ్లం. నేను స్వెటర్ లాగడం ఆవిడ చాలా రోజులుగా చూస్తున్నట్టుంది. వంటింట్లోకి పిలిచి, మీ అన్నకు పేరు లేదా అని మెల్లగా అడిగింది. వెక్కుతూ అంతా చెప్పేశాను. ఆవిడ ఓవెన్‌లోంచి తీపి రొట్టె తీసి టేబుల్ మీద పెట్టి, అన్ననూ తన భర్తనూ పిలిచింది. గదంతా యాలకుల వాసన, అచ్చం మా అమ్మ చేసే పాయసంలా.

"పుల్ల తినండి" అంది. వాళ్ల భాషలో ఆ రొట్టె పేరు అదేనట. అన్న పకపకా నవ్వి, మా భాషలో అది పొయ్యిలో పెట్టే కట్టె అన్నాడు. ఆవిడ కూడా హాయిగా నవ్వింది. "నువ్వు నవ్వావని నేను పేరు మారుస్తానా? మా అమ్మ దీన్ని ఇలాగే పిలిచేది" అంటూ పెద్ద ముక్క తుంచి అన్న చేతిలో పెట్టింది. ఆ తర్వాత భర్త వైపు తిరిగి "అన్న" అంది. మేమిద్దరం ఉలిక్కిపడ్డాం. ఆయన వెన్న గిన్నె ఆవిడ ముందుకు జరిపాడు. వాళ్లకు ఆ మాట అంటే ఇవ్వు అని అర్థమట.

అన్న రొట్టె నములుతూ కిటికీ వైపు చూశాడు. నవ్వడం మాత్రం ఆపేశాడు.

మర్నాడు బస్సు దిగేటప్పుడు అన్న టోపీ సీటు మీదే మర్చిపోయాడు. బయట మంచు కురుస్తోంది. టోపీ పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి లాగుదామంటే అన్న అప్పటికే మెట్ల దాకా వెళ్లిపోయాడు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. తెలియకుండానే "అన్నా!" అని అరిచేశాను. మళ్లీ బస్సంతా గొల్లున నవ్వింది. అన్న మెట్టు మీద ఆగాడు. వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా "ఏందే?" అన్నాడు.

వాళ్లు ఏడిపించడం వెంటనే మానలేదు. అన్న కూడా పలకడం మానలేదు. ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది. ఆఫీస్‌లో నా పేరును ముక్కలు చేసి పిలిచినా నవ్వి ఊరుకుంటాను. నా వాళ్లను మాత్రం, పక్కన ఎవరు నవ్వినా సరే, గొంతెత్తి నా మాటతోనే పిలుస్తాను.