నా సంచిలోని బ్రష్షు

మా రోబో జట్టులో ముగ్గురం. నేను, సేత్తూరు నుంచి బస్సులో వచ్చే నా స్నేహితురాలు, అన్నీ తెలిసిన ఒక మహానుభావుడు. చాటున మేమిద్దరం అతన్ని ప్రిన్సిపాల్ అనేవాళ్లం. స్క్రూ బిగిస్తే అటు కాదు ఇటు అంటాడు, టీ తాగుతుంటే ఏలకులు ఎక్కువయ్యాయంటాడు. ఒళ్లు మండేది. అంతకంటే మండే సంగతేమిటంటే, చాలాసార్లు అతను చెప్పిందే నిజమయ్యేది.

మాది నేల మీద అంటించిన నల్ల టేపును అడుగునున్న సెన్సార్లతో చూసుకుంటూ నడిచే చిన్న బండి. కాలేజీ వదిలాక అతని మామ షెడ్డులో, ఆసుపత్రి కట్ల గుడ్డ నేసే మగ్గాల పక్కన, సాధన చేసేవాళ్లం. దూది నూగు మా తలల మీదా బండి మీదా రాలుతూనే ఉండేది.

పోటీలో గెలిస్తే చెన్నై వెళ్లొచ్చు. నాకది సరదా. స్నేహితురాలికి మాత్రం వాళ్ల నాన్న ముందే తేల్చి చెప్పాడు: "చెన్నై పోయేటట్టయితే సరి. లేదంటే రోజూ అయిదు గంటల బస్సుకి ఇంటికి వచ్చెయ్యల్ల." ఆ బస్సెక్కితే ఇక జట్టు లేనట్టే.

మా నాన్న మిల్లులో ఫిట్టరు. షిఫ్టు దిగేముందు మిషన్‌ను బ్రష్షుతో తుడవందే గేటు దాటడు. ఆదివారమైతే ఇంట్లో కుట్టుమిషనుకీ ఫ్యానుకీ అదే సేవ. ఆయనిచ్చిన మెత్తని బ్రష్షు ఎప్పుడూ నా సంచిలో ఉండేది. దాంతోనే రోజూ బండిని తిరగేసి సెన్సార్లు తుడిచేదాన్ని.

పోటీకి రెండు రోజుల ముందు ప్రిన్సిపాల్ నా చేతిలోంచి బండి లాక్కున్నాడు.

"ఇంక దీన్ని ఎవరూ తాకద్దు పా. సెట్టింగ్ అంతా పెట్టినాను. నువ్వు తోమినావంటే సెన్సార్ కదులుతుంది. ఇదేమి మీ నాయన మిల్లా?"

నన్నంటే పడేదాన్నేమో. నాన్నను లాగాడు. ఆ మాట రెండు రోజులూ నమిలాను.

పోటీ రోజు బండి దించుతూ దాని అడుగు చూశాను. సెన్సార్ల మీద తెల్లగా నూగు పేరుకుని ఉంది. బ్రష్షు సంచిలోనే ఉంది, రెండు నిమిషాల పని. ఒక్కసారైనా అతనికి తెలిసిరానీ అనుకున్నాను. బండిని స్నేహితురాలి చేతికిచ్చాను. ఆమె గీత మీద పెట్టింది.

మూడో మలుపులో బండి గీత వదిలి వెళ్లి గోడకు కొట్టుకుంది.

"నువ్వు వంకరగా పెట్టినావు, దానికే," అన్నాడతను ఆమెతో. ఆమె నా వైపు చూసింది. నేను వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. మర్నాటి నుంచి ఆమె అయిదు గంటల బస్సెక్కింది.

వారం తర్వాత అతను విప్పిన బండితో నా దగ్గరికొచ్చాడు. గొంతులో ఎప్పటి బిగువు లేదు.

"లోపలంతా పంజు. ఈ దూది నూగే అడ్డం పడింది. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. నాకు తోచనే లేదు. నీకేమన్నా తెలుసునా?"

అతను నన్నొక సంగతి అడగడం అదే మొదలు.

"తెలియదు," అన్నాను.

"సేత్తూరు పోయి తప్పు నాదని వాళ్ల నాయనతో చెప్పల్ల. నువ్వూ వస్తావా?"

పనుందన్నాను. ఒక్కడే వెళ్లాడు. వాళ్ల నాన్న కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడట, మాట మాత్రం మార్చుకోలేదట.

ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "ప్రిన్సిపాల్ మంచోడేనే. నాకోసరం ఇంటిదాకా వచ్చినాడు, తప్పంతా తనదే అన్నాడు."

నాకు సిగ్గేసింది. అవునన్నాను.