బిరడా బిగించిన సీసా

నా చిన్నప్పుడు నాకు రోత పుట్టించేవి రెండు ఉండేవి. ఒకటి మా తాత గొంగడి. రెండోది మా నాయనమ్మ పోగుచేసిన పాతచీరల పేలికలు. గొంగడి తడిసిందంటే గొర్రెల మంద ఇంట్లోకొచ్చి కూర్చున్నట్టు కంపు కొట్టేది. ఇక ఆ పేలికల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరెవరో కట్టి, ఉతికి ఉతికి చివికిపోయిన గుడ్డలు. వాటిని ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చుకునేది.

ఇప్పుడు అరవై దాటాక రోత పుట్టించేవి వేరే ఉన్నాయి. చక్రాల పెట్టెలు. వచ్చే వారం భోపాల్లో మా మేనత్త మనవరాలి పెళ్లి. నాలుగు రోజుల ప్రయాణానికి మా కోడలు మూడు పెట్టెలు సర్దింది. అక్కడ పొద్దున చలి, పగలు ఎండ, సాయంత్రం వాన పడొచ్చని నా మనవరాలు ఫోన్లో చూసి చెప్పిందట. అందుకని పొద్దుటికో జత, పగటికో జత, చెరువు ఒడ్డున ఫొటోలకు ఇంకో జత. మూత పడకపోతే మనవరాలిని పెట్టె మీద కూర్చోబెట్టి జిప్పు లాగుతున్నారు. అది చూడలేక నేను వరండాలోకి పోయాను. కోపం వాళ్ల మీద కాదు. అట్లా కుక్కి మూసిన పెట్టెను ఎక్కడ చూసినా నాకు నా రేకు పెట్టె గుర్తొస్తుంది. గుర్తురాగానే పులిసిన కల్లు వాసన ముక్కుకు తగులుతుంది.

మాది కోరుట్ల పక్కన పల్లె. గౌండ్లోళ్ల ఇల్లు. మా తాత కల్లు కోసం ఈత చెట్లు, తాటి చెట్లు గీసేవాడు. ఆయన కూతురు, అంటే మా మేనత్త, భోపాల్లో కాపురం ఉండేది. మామ అక్కడ ఒక కర్మాగారంలో ఫిట్టరు. మేనత్తకు అంతకుముందు రెండు కాన్పులయ్యాయి. ఇద్దరు పిల్లలూ పురిటి రోజులు దాటలేదు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు రైలు కుదుపులు పనికిరావని, పుట్టింటికి పోవద్దని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. అందుకని మా నాయనమ్మే బయల్దేరింది. తోడుగా నన్ను పంపారు. నాకప్పుడు పదేళ్లు. హిందీ అక్షరాలు కూడబలుక్కొని చదవగలను కాబట్టి స్టేషన్ల పేర్లు చెప్పడం నా పని.

శివరాత్రి పోయిన కొత్త. మామ రాసిన ఉత్తరం నేనే అందరికీ చదివి వినిపించాను. పొద్దున పెద్ద చెరువు మీది నుంచి చలిగాలి కొడుతుంది, పగలు నెత్తి మాడుతుంది, ఉన్నట్టుండి వడగండ్లు కూడా పడతాయి, అన్నిటికీ తయారై రండి అని రాశాడు. నేను అక్షరాలా తయారయ్యాను. నాలుగు గౌన్లు, పట్టులంగా, అడిగి తెచ్చుకున్న స్వెట్టరు, రెండు జతల చెప్పులు, గొడుగు, అద్దం, పౌడరు డబ్బా. రేకు పెట్టె మూత పడకపోతే ఎక్కి తొక్కాను. మా నాయనమ్మ మాత్రం కట్టుకున్న చీర కాక ఇంకొక్క చీర మూటలో పెట్టుకుంది. తాత గొంగడి భుజాన వేసుకుంది. ఇదేం ప్రయాణమని నేను మూతి ముడిచాను.

“సలైతే కప్పుకుంట, ఎండైతే నెత్తికేసుకుంట, వానొస్తే కొస మడిచి టోపి లెక్క కొప్పెర పెట్టుకుంట. రైల్ల పరుసుకోను గూడ గిదే. ఇంకేం గావాలె బిడ్డా?” అన్నది.

ఆ మూటలోనే పేలికలు కూడా ఉన్నాయి. మా దిక్కు పురుడు వెళ్లేదాకా పసిబిడ్డకు కొత్తబట్ట ముట్టించరు. పాతచీర మెత్తటి ముక్కల్లోనే చుడతారు. ఇక కన్న పిల్లలు దక్కని తల్లి అయితే, పిల్లలు బతికి బట్టకట్టిన ఇళ్లు చూసి, ఆ తల్లులు కట్టిన చీర ముక్కలు అడిగి తేవాలి. అందుకోసం మా నాయనమ్మ రుద్రంగి పోయింది, గంభీరావుపేట పోయింది, సిరిసిల్లలో చుట్టాల గడపలన్నీ తొక్కింది. ఊళ్లో దొరసాని దగ్గరికి పోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆవిడ ఒక ముక్కను రెండు వేళ్లతో పట్టి అరుగు మీదికి విసిరింది. మా నాయనమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. నాకు సిగ్గుతో ఒళ్లు మండింది. ఛీ, బిచ్చమెత్తి తెచ్చుకున్న గుడ్డలు అనుకున్నాను.

నా పెట్టెలో ఇంకొకటి కూడా ఉందని ఎవరికీ తెలియదు. అంతకు ముందటి ఎండాకాలం వచ్చినప్పుడు మామ, భోపాల్లో అన్నీ దొరుకుతాయి కాని ఈతకల్లు ఒక్కటి దొరకదని వాపోయాడు. నేనొస్తే చెరువులో పడవ ఎక్కిస్తానని కూడా అన్నాడు. ఆ పడవ మీది ఆశతో, బయల్దేరిన రోజు పొద్దున తాత దించిన కుండలోంచి ఒక గాజు సీసా నిండా కల్లు వంచుకున్నాను. గౌండ్లింటి పిల్లను, నాకు తెలియక కాదు. కల్లు పొంగుతూనే ఉంటుంది. అందుకే మా తాత మూతికి ఈతాకు మడిచి వదులుగా పెట్టేవాడు. కానీ ఆకు పెడితే ఒలుకుతుంది, ఒలికితే దొరికిపోతాను. అందుకని బిరడా దిగ్గొట్టి, దానిమీద సైకిల్ ట్యూబు పీలికలు బిర్రుగా చుట్టాను. చుక్క కారలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెద్దపల్లిలో రైలెక్కించడానికి మా బాపు, అంటే మా నాన్న, వచ్చాడు. జగిత్యాలలో బస్సు మారాలి. బస్సు ఎప్పుడని కనుక్కోను బాపు పోయాడు, చెంబులో నీళ్లు తేవడానికి నాయనమ్మ పోయింది. పక్క బెంచీ మీద మంచి చీరలు కట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారు. మా మూట ముడి వదులై పేలికలు బయటికి వేలాడుతున్నాయి. వాళ్లు వాటినే చూస్తున్నారనిపించింది నాకు. గబగబా పెట్టె తెరిచి, ఆ పేలికలన్నీ తీసి లోపల కుక్కాను. సీసా పెట్టెకు తగిలి టకటకమంటోందని పొద్దుటి నుంచి భయంగా ఉంది కదా, దాని చుట్టూ మెత్తగా వాటినే చుట్టాను. రెండు పనులూ అయిపోయాయి. నీళ్లు తెచ్చిన మా నాయనమ్మ తన మూట చిన్నదవడం చూసి ఎక్కడ పెట్టావని అడిగింది. పెట్టెలో దుమ్ము పడకుండా ఉంటాయని చెప్పాను.

“మంచిపని చేసినవ్ బిడ్డా. గవ్వి పైలంగ సూస్కో” అని నా తల నిమిరింది. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కంపరం.

మర్నాడు పొద్దెక్కేసరికి రైలుపెట్టె నిప్పుల పొయ్యిలా కాగింది. నా రేకు పెట్టె కిటికీ పక్కన ఎండలో ఉంది. నేను జొన్నరొట్టె తింటున్నాను. పెట్టెలో పటాకా పేలినట్టు ఢామ్మని చప్పుడైంది. మూత సందుల్లోంచి నురుగు బయటికి తన్నుకొచ్చింది. తర్వాత వాసన. తాజా కల్లు వాసన కాదు. రాత్రంతా మగ్గి, ఎండకు ఉడికి, పులిసి కుళ్లిన కంపు. జనం కొంగులూ తువ్వాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఎదుటి సీటు ఆమె తన పిల్లలను లాక్కొని దూరం జరిగింది. ఒకాయన తాగుబోతులని తిట్టాడు, ఆ మాట మాత్రం నాకు హిందీలో బాగానే అర్థమైంది. ఎవరిది, ఎవరిదని అందరూ అరుస్తున్నారు. నా నోట్లో రొట్టె ముద్ద అట్లాగే ఉంది.

మా నాయనమ్మ పెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది. లేచి నిలబడి తన రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని, “నాదే. గా సీసా నాదే” అని చేతులు జోడించింది. కల్లు గుక్కెడు కూడా ముట్టని మనిషి.

పెట్టె తెరిచాక తెలిసింది. నా గౌన్లకు తడి అంటింది, అంతే. ఉతికితే పోయేదే. గాజు పెంకులన్నీ ఆ పేలికల్లోనే దిగబడ్డాయి. ఆమె ఒక్కొక్క ముక్క దులిపి, అరచేత్తో రాసి చూసింది. రాసినప్పుడల్లా చేతికి సన్నటి పెంకు గీరుకొని నెత్తురొచ్చింది. నాలుగైదు ముక్కలు చూశాక ఆపేసింది. పసిబిడ్డ ఒంటికి వాటిని తాకించలేం. ఎవరో బయట పారేయమన్నారు. ఎవరి కాళ్లకైనా గుచ్చుకుంటుందని ఆమె పారేయలేదు. తడి పేలికలను ముడిగట్టి తన ఒళ్లో పెట్టుకుంది. జనం ఏవగించుకోకుండా వాటి మీద గొంగడి కప్పింది. నేను ముక్కు మూసుకున్న ఆ గొంగడే నా కంపును భోపాల్ దాకా మూసిపెట్టింది.

స్టేషన్లోనే మామకు వాసన తగిలింది. సంగతి విని పగలబడి నవ్వాడు.

“నలభై ఏండ్ల సంది కల్లు ఇంట్ల ఉంటున్నవ్ గదా అత్తమ్మా. బిరడ ఎవలు పెట్టిండ్రు?”

“నేనే పెట్టిన. ముసల్దాన్నైన, మతి తప్పింది” అన్నది మా నాయనమ్మ.

మేనత్త నవ్వలేదు. పేలికల సంగతి తెలియగానే మంచం మీద కూర్చుండిపోయి ఏడ్చింది. “ఇద్దర్ని పోగొట్టుకున్న గదనే అవ్వా. నీకు గంత సోయి లేకపాయెనా?” అని తల్లిని నిలదీసింది. నేను తలుపు చాటున ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. నా స్వెట్టరు మీద పడ్డ కల్లు మరక గీకుతూ నిలబడ్డాను. అంత నీచంగా నేను మళ్లీ ఎప్పుడూ నిలబడలేదు.

మా నాయనమ్మ మూటలోంచి తన రెండో చీర తీసింది. పంటితో అంచు కొరికి నిలువునా చింపింది. “నలుగురిని సాదిన. నా కొంగు సాలదా?” అన్నది. మేనత్త ఏడుస్తూనే ఆ ముక్కలు అందుకుంది. పెంకుల పేలికలను మా నాయనమ్మ పెరట్లో లోతుగా గుంత తవ్వి పూడ్చింది.

నాలుగో రోజు ఆడపిల్ల పుట్టింది. ఆ ఊళ్లో మేము నెల రోజులున్నాం. మా నాయనమ్మకు ఒంటి మీది చీర ఒక్కటే మిగిలింది. కూతురు తన చీర ఇస్తే పురిటాలికి మార్చుకోను బట్టలు ఉండాలని తీసుకోలేదు. తెల్లవారుతూనే చెరువుకు పోయేది. గొంగడి చుట్టుకొని చీర ఉతుక్కునేది. ఒక కొస కంపచెట్టుకు కట్టి, రెండో కొస నాకిచ్చి పట్టుకోమనేది. చెరువు మీది గాలికి అది ఆరేదాకా, గొంగట్లో ముడుచుకొని రాయి మీద కూర్చునేది. పండ్లు టకటకలాడేవి. నేను స్వెట్టరు వేసుకొని, చెప్పులు తొడుక్కొని, ఉతికిన గౌనులో నిలబడి ఉండేదాన్ని. నా నాలుగు గౌన్లను చూస్తే నాకే రోతగా ఉండేది.

పురుడైన మూడో రోజో నాలుగో రోజో ఇక తట్టుకోలేక, అత్తకు చెప్పేస్తానని ఏడ్చాను.

“ఇప్పుడు చెప్తే ఏమొస్తది? మీ అత్త నా మీదైతే నాలుగు దినాలు అలుగుతది. నీ మీద పెట్టుకుంటే నిన్ను బిడ్డ దగ్గరికి రానియ్యది. నేనున్నన్ని దినాలు గా మాట నా మీదనే ఉండనియ్. ఎన్కకు నీ ఇష్టం” అన్నది. నా చేతిలో చీర కొస జారడం చూసి, “కొంగు గట్టిగ పట్టు, గాలికి పోతది” అన్నది.

పిల్ల బతికింది. బతికింది కాబట్టి ఏడుపు పోయి కథ మిగిలింది. గౌండ్లింట్లో ముసలైపోయి కల్లుసీసాకు బిరడా బిగించిన ముసలమ్మ కథ. మా ఇళ్లల్లో ఏ పెళ్లి జరిగినా ఎవరో ఒకరు అది ఎత్తుకుంటారు. ఆమె ఉన్నప్పుడు ఆమె కూడా నవ్వేది. ఆమె పోయి ముప్పై ఏళ్లయింది. ఎన్కకు నీ ఇష్టమన్నది కదా, నాకు మాత్రం ఆ ఇష్టం ఇన్నేళ్లూ పుట్టలేదు. అందరితో పాటు నేనూ నవ్వుతూ వచ్చాను. పెట్టెలోంచి వచ్చిన కంపు కంటే ఆ నవ్వు నాకు ఎక్కువ రోత.

మేనత్తకు ఇప్పుడు ఎనభై. చూపు మందగించింది కాని నోరు బాగానే ఉంది. మొన్న ఫోన్లో కూడా, సీసాలు గీసాలు తేకు, మా అవ్వ లెక్క సోయి లేకుండ చేసేవని ఎగతాళి చేసింది. నేను మామూలుగానే నవ్వి పెట్టేశాను. పెట్టేశాక అన్నం సహించలేదు.

నా ప్రయాణం సర్దుడు అయిపోయింది. రెండు చీరలు, ఒక గొంగడి. అంతేనా అత్తమ్మా, అక్కడి వానకూ చలికీ ఏం చేస్తావని కోడలు అడుగుతోంది. మా ఇంట్లో పచ్చడి జాడీల మూతలు కూడా నేను వదులుగా పెడతానని ఆమెకు ఎప్పుడూ విసుగే. ఎందుకో ఆమెకు చెప్పలేదు, ముందు చెప్పాల్సిన మనిషి భోపాల్లో ఉంది. పెళ్లింట్లో మేనత్త కథ మొదలుపెడుతుంది. మా అవ్వకు సోయి లేకుండెనని అనగానే, జనం నవ్వకముందే, ఆమె చెయ్యి పట్టుకొని “అత్తా, గా బిరడ పెట్టింది నేను” అనాలి. పదేళ్లప్పుడు తలుపు చాటున మింగిన మాట అది. ఈసారి దాన్ని అక్కడ దించకుండా తిరిగి తెచ్చుకుంటే, చక్రాల పెట్టెలను అసహ్యించుకునే అర్హత నాకు ఉండదు.