గుండెనొప్పి చీటీలో నెలసరి గడి

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను హెడ్ నర్సును చేసి మార్కాపురం వైపు ఒక ఆస్పత్రికి వేశారు. పేరు రాయను. వార్డు నర్సుల పైన, డాక్టర్ల కింద ఉండే పదవి అది. రెండు వైపుల తిట్లూ మనకే. నాకు తిరిగి తిట్టడం వచ్చు గనక పెద్దగా ఇబ్బంది పడలేదు. స్వచ్ఛందంగా రిటైరయ్యే వరకు అక్కడే చేశాను.

ఒకరోజు పొద్దున పలకల ఫ్యాక్టరీలో కూలి చేసే సువార్తమ్మ భర్తతో వచ్చింది. ముప్ఫై ఏడేళ్లు. ఛాతీ బిగబట్టినట్టుందని, దవడ లాగుతోందని చెప్పింది. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, చదువులో గట్టివాడు. నెలసరి ఆగని వయసులో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఆడవాళ్ల గుండె రక్తనాళాలను కొంత కాపాడుతుందని చదివినవాడే. ఆ ధైర్యంతోనే గ్యాస్ మాత్ర రాశాడు.

కేస్ షీటులో ఆఖరి నెలసరి తేదీకి ఒక గడి ఉంటుంది. కడుపునొప్పి అంటే అడుగుతాం. గుండెనొప్పి అంటే గీత పెట్టేస్తాం. ఇరవై ఏళ్లుగా నేనూ గీతే పెట్టాను. ఆ రోజు ఆమె జాకెట్టు చెమటకు తడిసి ఉండడం చూసి చెయ్యి ఆగింది. అడిగాను.

“నెలసరి యాడుందక్కా? ఇరవయ్యారేండ్లకే పెద్దాపరేషన్ చేసి తీసేసినారు గదా,” అంది.

మా వైపు జనం ఏ ఆస్పత్రికి పోయినా పాత కాగితాలన్నీ బట్టలషాపు కవర్లో పెట్టుకుని వస్తారు. మేము చదవం. ఆ కవరు బల్ల మీద బోర్లించాను. డిశ్చార్జి కాగితం దొరికింది: గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు. ఆ వయసులో ఈస్ట్రోజెన్ ముఖ్యంగా తయారయ్యేది అక్కడే. డాక్టరు నమ్ముకున్న కాపలా పదకొండేళ్ల కిందటే పోయిందన్నమాట.

ఈసీజీ తీద్దామన్నాను.

“డాక్టరు మీరా, నేనా సిస్టర్?” అన్నాడు.

“మీరే సార్. నేనైతే ఈపాటికి తీసేసేదాన్ని,” అని కాగితం ముందు పెట్టాను. చదివాడు. తానే ఈసీజీ మిషను లాగాడు.

“గ్యాసుకు ఇన్ని వైర్లేందమ్మా?” అన్నాడు భర్త.

“గ్యాసే అయితే నన్ను తిట్టిపో నాయనా, పడతా,” అన్నాను.

గుండెపోటు ఈసీజీలో స్పష్టంగా కనిపించింది. ఆస్పిరిన్ నమిలించి, మిగతా మందులిచ్చి, 108లో ఒంగోలు పంపాం. అక్కడి గుండె డాక్టరుకు మా డాక్టరే ఫోన్ చేసి అంతా చెప్పాడు. మూసుకున్న రక్తనాళంలో స్టెంటు వేశారు.

మూడు వారాలకు ఆమె నడిచి వచ్చింది. “గ్యాస్ సారేడక్కా? తగ్గిందని చెప్పిపోదామని వచ్చినా,” అంది. డాక్టరు నవ్వలేదు. కూర్చోబెట్టి, మాత్రలన్నీ ఒక్కొక్కటే చూశాడు. అప్పట్నుంచి ఛాతీనొప్పితో ఎవరొచ్చినా ముందు ఈసీజీ తీయించేవాడు. ఆడవాళ్లయితే ఆ గడి తానే నింపేవాడు.

హార్మోన్ పోవడం ఒక్కటే ఆ గుండెపోటుకు కారణమని నేను వాదించను. ఆమెకు బీపీ కూడా ఉంది, ఎవరూ చూడలేదు. కానీ వయసును బట్టి గుండెను అంచనా వేసేవాళ్లు, ఆ వయసుకు ఉండాల్సినవి ఒంట్లో ఉన్నాయో లేదో అడిగి తెలుసుకోవాలి. అడగమని గడి అచ్చువేసే ఇచ్చారు. దాంట్లో గీతలు పెట్టింది మేమే.