జారుడుబల్ల పరీక్ష

పిల్లల్ని ఆటకు వదిలే ముందు క్రెష్ ఆయమ్మ రోజూ జారుడుబల్ల ఎక్కుతుంది. అరవై ఏళ్ల మనిషి మోకాళ్లు పట్టుకుని, ఉస్సురుమంటూ మెట్లెక్కి సర్రున జారుతుంది. ఎండ వేడికి ఒళ్లు చురుక్కుమంటే ఆ పూట బల్లకు సెలవు. కిటికీలోంచి చూసే పిల్లలకేమో ఆయమ్మే ముందు ఆడేసుకుంటోందని ఉడుకుమోత్తనం. తర్వాత అందరి చెవులకూ మెడలకూ క్రీము రాసి టోపీలు పెడుతుంది. టోపీ వద్దంటే ఎండలోకి పంపదు. అలా టోపీ వద్దన్న ఓ మూడేళ్ల బుంగమూతి పిల్ల మూడు రోజులుగా కిటికీకి అతుక్కుపోయింది. ఆ బుర్రలో ఏముందో ఆయమ్మకు అంతుపట్టలేదు. బతిమాలింది, టోపీకి కుందేలు చెవులు కూడా కుట్టింది. ఊహూఁ.

నాలుగో రోజు ఆయమ్మ జారి లేచేసరికి కిటికీలోంచి కేక: "ఆయమ్మా! నీ టోపీ ఏదీ? లోపలికి రా!" ఆయమ్మ తల తడుముకుంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. "నిజమేనే తల్లీ," అంటూ వచ్చి బుంగమూతి పక్కనే చతికిలబడింది. కాసేపటికి మిగతా పిల్లలు టోపీలు పెట్టుకుని బయట టీచరమ్మతో కేరింతలు కొడుతున్నారు. "నీకూ ఆడుకోవాలనుందా?" అంది బుంగమూతి. "ఉందే. టోపీ లేదుగా." బుంగమూతి వెళ్లి రెండు టోపీలు తెచ్చింది. కుందేలు చెవులది ఆయమ్మ కొప్పు మీద నిలబెట్టి, రెండోది తన నెత్తిన పెట్టుకుంది. "పద. కానీ ముందు నేను జారతా."