వీరవేణి ఎడమ చెయ్యి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద ఏటీవీ నడిపే ఆడమనిషి వీరవేణి ఒక్కతే. ఆమెకి నలభై ఎనిమిదేళ్లు, ఆమె మోకాళ్లకి అంతకంటే పదేళ్లు ఎక్కువ. భర్త కువైట్‌లో ఉండడంతో పదకొండు చెరువుల పెత్తనమూ ఆమెదే. గట్ల వెంట నడవలేక, సముద్రపు ఒడ్డున మూతపడిన ఒక రిసార్టు వాళ్లు ఆ నాలుగు చక్రాల రేసు బండిని అమ్మేస్తుంటే కొనేసింది.

మొదటి రోజు బండి బాగానే నడిచింది. రెండో రోజు వీరవేణి పూజ చేసి, బొటనవేలంత పసుపు కొమ్ముని హ్యాండిలుకి ఆనించి, పసుపు తాడుతో తొమ్మిది చుట్లు చుట్టి, పళ్లతో లాగి మరీ ముడేసింది. మూడో రోజు నుంచి ఎడమ చేతి క్లచ్చి బిగుసుకుపోయింది. రెండు చేతులూ వేస్తే గానీ కదలదు, రెండు చేతులూ వేస్తే బండి చెరువు వైపు తిరుగుతుంది. ఈ మూడు రోజుల వరస ఊళ్లో ఒక్కరికి తడితే ఒట్టు.

మెకానిక్ చిట్టియ్య వచ్చి కేబులుకి నూనె పట్టించాడు. తగ్గలేదు. కొత్త కేబులు వేశాడు. ఇంజను దగ్గరుండే క్లచ్చి మీటకి ఇనప ముక్క అతికించి పొడుగు చేశాడు. ప్రతిసారీ ఆ కేబుల్ని భక్తిగా మళ్లీ తొమ్మిది చుట్ల కిందనుంచే దూర్చాడు.

“దేవుడి కట్టు కదండీ, మనం ముట్టుకోకూడదు,” అన్నాడు.

మరిది అశోక్‌కి ఆ చెరువుల మీద ఎప్పట్నుంచో కన్నుంది. “క్లచ్చి పట్టలేనోళ్లు పదకొండు చెరువులేం చూస్తారు వదినా? మూడు వారాలు టైమిస్తాను. మూడో ఆదివారం పెద్దల ముందు చివరి చెరువు దాకా వెళ్లి రండి. లేదంటే పెత్తనం నాకు వదిలెయ్యండి,” అన్నాడు.

వీరవేణి పౌరుషానికి పోయి సరేనంది. ఆ తర్వాతే ఆలోచించింది. చెరువులు పోతే ఇక ఇంట్లో కూర్చుని మోకాళ్లకి తైలం రాసుకోవడమే మిగులుతుంది.

బండి మారదని తేలాక చెయ్యినే మార్చాలనుకుంది. ముందు నిమ్మకాయలు పిండబోయింది గానీ, ఎడం చేత్తో నిమ్మకాయ పిండిన పులిహోర ఎవడు తింటాడని పక్కింటి ఆశాజ్యోతి అడ్డుపడింది. దాంతో తడిబట్టలు పిండడానికి దిగింది. ఇంట్లోవి అయిపోయాయి. ఇరుగుపొరుగువీ అయిపోయాయి. సిగ్గు లేకుండా అశోక్ కూడా తన జీన్సు ప్యాంట్లు బకెట్లో వేసి పంపించాడు. అన్నీ ఒక్క ఎడం చేత్తోనే చుక్క నీరు మిగలకుండా పిండేది.

ఆ మూడో ఆదివారం పెద్దలు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వీరవేణి కొత్త పసుపు కొమ్ము కడదామని పాతదాన్ని విప్పింది. దాని మీదుగా వంకర తిరిగి నలిగిపోయిన కేబులు ఊపిరి పీల్చుకున్నట్టు సాగింది. యథాలాపంగా క్లచ్చి నొక్కింది. వెన్నలా దిగింది. కొమ్ము ఆనించి నొక్కితే బిగువు. తీసి నొక్కితే వెన్న. చిట్టియ్య తల గోక్కున్నాడు.

కొమ్ము లేకుండా బండెక్కడానికి మాత్రం ఆమెకి మనసొప్పలేదు. కాసేపాలోచించి దాన్ని తన ఎడమ మణికట్టుకి కట్టుకుంది. మేత బస్తా వెనకేసుకుని, పదకొండో చెరువు దాకా రయ్యిన వెళ్లి తిరిగొచ్చింది.

“ఇలా వదులైపోయిన క్లచ్చిని ఎవరైనా పడతారు. ఇది లెక్కలోకి రాదు,” అని అశోక్ అడ్డం తిరిగాడు.

వీరవేణి బండి దిగకుండానే ఎడమ చేత్తో అతని మణికట్టు పట్టుకుంది.

“అయితే ఈ చెయ్యి విడిపించుకుని పెత్తనం పట్టుకుపో.”

అశోక్ లాగాడు. గింజుకున్నాడు. ఒక కాలు బండి చక్రానికి తన్నిపెట్టి మరీ లాగాడు. పెద్దలు కాఫీ తాగడం ముగించారు.

“వదినా, చెరువులు మీవే! వదలండి!”

“మూడు వారాలు నీ ప్యాంట్లే పిండానయ్యా,” అంది ఆమె.