పక్కింటికి ఫోన్ చేసే మనిషి

హైదరాబాదు ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లు రక్తపరీక్షలు చేసిన సిద్ధలింగం, భార్య మంజుల చనిపోయిన ఏడాదికి ఆమె పుట్టిన ఊరికి, కోసిగి దగ్గరి పల్లెకు, మకాం మార్చాడు. ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకునే పాలకు పోతాడు. దారికడ్డంగా ఎనుము పడుకుని ఉంటే, "కొంచెం జరుగమ్మా" అని మర్యాదగా అడిగి, అది లేచేదాకా నిలబడతాడు. గోడకు గోడ ఆనుకున్న బసవన్న ఇంటికి పోవాలన్నా ముందు ఫోన్ చేస్తాడు. "ఈడనే ఉండాను, రాప్పా!" అని బసవన్న గోడ అవతలి నుంచే అరుస్తాడు. ఊరు నవ్వుతుంది. ఆయనా నవ్వుతాడు గానీ, ఎవరింటికి పోయినా అరుగు అంచునే కూర్చుని వచ్చేస్తాడు.

మొన్న శ్రావణంలో బసవన్న భార్య గిరిజమ్మ గుండెపోటుతో పోయింది. సిద్ధలింగం వెళ్లి జనం వెనక నిలబడ్డాడు. బసవన్నే లేచి వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మంజుల పోయినప్పుడు మేమంతా మిరపకాయల కోతకు గుంటూరు పోయింటిమప్పా. మా కండ్ల ముందర పెరిగిన పిల్ల. కడసారి సూడ్డానికి రాలేకపోతిమి. ఒక్కనివే సాగనంపినావంట."

ఆ రోజు హైదరాబాదు అపార్టుమెంటులో, వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ, నీళ్లు అందిస్తూ, సిద్ధలింగం కంటతడి పెట్టలేదు. ఇప్పుడు బసవన్న చేతులు వదలకుండానే నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చాడు. గిరిజమ్మ చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు జరిగి ఆయనకు చోటిచ్చారు. తర్వాత తమ ఏడుపులో మంజుల పేరు కూడా కలుపుకున్నారు.